మాస్ట్ ఎత్తు ఎట్లా కొలవాలి? నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో దింపబోయే చిన్న సెయిలింగ్ బోటు

డిండి_గాలి:
అందరికీ నమస్తే. నేనూ మా బావమరిదీ కలిసి సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న సెయిలింగ్ యాట్ కొన్నాం. పొడవు 22 అడుగులు, ఫైబర్ బాడీ, లోపల ఇద్దరు నడుం వాల్చేంత క్యాబిన్, కింద పైకి లేపుకునే కీల్ (బోటు అడుగున నీళ్లలోకి దిగే రెక్కలాంటిది). గోవా నుంచి ట్రైలర్ మీద వచ్చింది, ఇప్పుడు దేవరకొండలో మా షెడ్డు ముందర ఉంది. కాగితాలు ఏవీ రాలేదు, కంపెనీ పేరుండే ప్లేటు కూడా ఎప్పుడో ఊడిపోయింది. వైజాగ్ కాలనీ దిక్కు బ్యాక్‌వాటర్‌లో దింపుదామని ఆలోచన. కానీ మేం అనుకున్న చోటుకు కొంచెం అవతల నీళ్ల మీదుగా కరెంటు లైన్ పోతుంది. దాని కిందనుంచి పోవచ్చా లేదా తెలియాలంటే ముందు మా మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం) ఎత్తు తెలియాలి కదా. అమ్మినాయన ముప్పై అడుగులు ఉంటుందన్నాడు, మధ్యలో ఉన్న ఏజెంటు ఇరవై ఆరే అన్నాడు. అల్యూమినియం మాస్ట్, ఇప్పుడైతే పడుకోబెట్టి కట్టేసి ఉంది, నిలబెట్టడానికి తాళ్లు కప్పీలు అన్నీ ఉన్నాయి. నమ్మకమైన లెక్క ఎట్లా వస్తుంది?

పాలమూరు_పోరడు:
ఫోన్‌లో ఎత్తు కొలిచే యాప్‌లు బోలెడు ఉన్నాయి అన్నా. నేను మా ఊరి సెల్ టవర్ అట్లనే కొలిచిన. మాస్ట్ నిలబెట్టు, ఫోన్ చూపించు, అయిపోయె. అది సరే గానీ వైజాగ్ కాలనీ అంటున్నావు, చేపల ఫ్రైకి ఎప్పుడు పిలుస్తవ్?

లైన్‌మన్_రిటైర్డ్:
తమ్ముడూ, మాస్ట్ నిలబెట్టు అని ఊరికే అనేశావు, షెడ్డు ముందర తలెత్తి చూశావా? డిండి_గాలి గారూ, కొలత తర్వాత. ముందు మీ షెడ్డు దగ్గర, దారిలో, రేవు దగ్గర పైన ఏ తీగలున్నాయో చూసుకోండి. మన దిక్కు 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్లకు ఎక్కువగా వేసేది 8 మీటర్ల సిమెంటు స్తంభం, కొన్నిచోట్ల 9.1 మీటర్లది. అందులో మీటరున్నర దాకా భూమిలోనే ఉంటుంది. అంటే బయట కనిపించేది ఆరున్నర, ఏడున్నర మీటర్లు. రోడ్డు దాటే చోట 11 కేవీ తీగ కనీసం 6.1 మీటర్లు ఉండాలని రూలు, మామూలు ఇంటి లైన్ అయితే 5.8. మీ మాస్ట్ 26 అడుగులే అనుకున్నా ఎనిమిది మీటర్లు, అది ఏ ఊరి లైన్‌కైనా తగులుతుంది. పైగా బోటు ట్రైలర్ మీద ఉన్నప్పుడు నీళ్లలో ఉన్నప్పటికంటే ఎత్తుగా ఉంటుంది, ఆ చక్రాల ఎత్తు ఎవరూ లెక్కలో వేసుకోరు. ఇట్లాంటి బోట్లకు కరెంటు ప్రమాదాలు నీళ్ల నడుమ కంటే ఒడ్డు మీద, మాస్ట్ నిలబెట్టేటప్పుడు, బోటు తోసుకుంటూ పోయేటప్పుడే జరుగుతుంటాయి. నేను 33 కేవీ లైన్ల మీద పనిచేసి రిటైర్ అయినోణ్ణి, భయపెట్టడానికి చెప్పట్లేదు.

డిండి_గాలి:
షెడ్డు ముందర సర్వీసు వైరు ఉంది సార్, నిజమే. అయితే అక్కడ నిలబెట్టను. పడుకోబెట్టే కొలవచ్చా?

సాగర్_తెరచాప:
కొలవచ్చు, అదే మంచిది కూడా. కానీ టేపు పట్టుకునే ముందు దేన్నుంచి దేని దాకా కొలుస్తున్నామో తేల్చుకోవాలి. అమ్మినాయన ముప్పై, ఏజెంటు ఇరవై ఆరు, ఇద్దరి మాటా నిజమే అయ్యుండొచ్చు. ఒకరు ఉత్త గొట్టం పొడవు చెప్పారేమో, ఇంకొకరు నీళ్ల మట్టం నుంచి కొన దాకా చెప్పారేమో. మీకు కావాల్సింది రెండోది: బోటు తేలుతున్నప్పుడు నీళ్ల మట్టం నుంచి అన్నిటికంటే పైనున్న వస్తువు దాకా. అన్నిటికంటే పైనున్న వస్తువు అంటే మాస్ట్ కొన కాదు. దాని మీద గాలిదిక్కు చూపించే బాణం ఉంటుంది, లైటు ఉంటుంది, రేడియో ఉంటే యాంటెన్నా ఉంటుంది. వీహెచ్ఎఫ్ యాంటెన్నా పుల్లలు మీటరు దాకా ఉండేవి ఉన్నాయి. జనం మరిచిపోయేది ఇదే.

హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్నవాళ్లకు ఈ అలవాటు ఉండదు. అక్కడ ఆప్టిమిస్ట్, లేజర్ లాంటి చిన్న బోట్లు, ఆప్టిమిస్ట్ అయితే మొత్తం పొడవే 2.36 మీటర్లు, మాస్ట్ పిల్లలే ఎత్తి గుచ్చేస్తారు. క్యాబిన్ ఉన్న బోటు వేరే కథ, మాస్ట్ క్యాబిన్ కప్పు మీద కూర్చుంటుంది, ఆ కప్పే నీళ్ల నుంచి మీటరుకు పైన ఉంటుంది.

ఇంకోమాట. ఇంటర్‌నెట్‌లో ఇట్లాంటి బోట్లకు పీ, ఐ, జే, ఈ అని నాలుగు అంకెలు దొరుకుతాయి. అవి తెరచాప కుట్టేవాళ్ల కోసం. జే/24 అని అందరికీ తెలిసిన బోటు ఉంది, దానికి పీ 8.53 మీటర్లు, ఐ 8.00 మీటర్లు. చూసినోడు మాస్ట్ ఎనిమిదిన్నర అనుకుంటాడు. పీ అంటే బూమ్ (మెయిన్ తెరచాప కింది అంచును పట్టుకునే అడ్డ కర్ర) దగ్గర్నుంచి పైన నల్ల పట్టీ దాకా, మెయిన్ తెరచాప అంచు ఎక్కగలిగినంత మేర మాత్రమే. బూమ్ కింద ఎంతుంది, పట్టీ పైన ఎంతుంది, డెక్కు నీళ్లకు ఎంత ఎత్తు, ఇవేవీ అందులో రావు. కాబట్టి మీ బోటు మోడల్ తెలిసినా ఆ అంకెలతో లైన్ కిందకు పోవద్దు.

టేపు_చైన్:
భూముల సర్వే నా పని, బోట్లు తెలియవు, కొలతలు తెలుసు. పడుకోబెట్టిన మాస్ట్‌కు ఫైబర్ టేపు వేయండి, 30 మీటర్లది ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. కాలి దగ్గర్నుంచి కొన దాకా ఒక కొలత, కొన మీద బిగించిన సామాన్లకు ఇంకో కొలత. యాంటెన్నా విప్పి డబ్బాలో పెట్టి ఉంటే దాన్నీ తీసి కలపండి.

ఇక మాస్ట్ కాలు నీళ్ల మట్టం నుంచి ఎంత ఎత్తులో ఉంటుందనేది అసలు చిక్కు, ఎందుకంటే బోటు నీళ్లలో లేదు. బాడీ మీద పాత నీటి మరక గీత కనిపిస్తుంది, పాచి ఎక్కడిదాకా పట్టిందో చూస్తే తెలుస్తుంది. దాన్నే మట్టంగా తీసుకోండి. బోటు ట్రైలర్ మీద ముక్కు పైకెత్తి ఉంటే ముందు జాకీతో సర్ది, ఆ గీత ముందూ వెనకా ఒకే మట్టంలోకి వచ్చేదాకా చూడండి. దానికి మేస్త్రీలు వాడే ట్రాన్స్‌పరెంట్ వాటర్ లెవెల్ పైపు చాలు, లోపల గాలి బుడగ లేకుండా నీళ్లు నింపండి. తర్వాత అదే పైపుతో గీత మట్టాన్ని క్యాబిన్ పక్కకు ఎక్కించి అక్కడ్నుంచి మాస్ట్ కూర్చునే చోటుకు నిలువుగా కొలవండి. గీత వంకరగా ఉండగా నేల నుంచి కొలిచి తీసేస్తే అయిదారు అంగుళాలు తేడా సులభంగా వస్తుంది.

మ్యాథ్స్_టీచరమ్మ:
పాలమూరు_పోరడు చెప్పిన యాప్ పద్ధతి పూర్తిగా తీసిపారేయాల్సింది కాదు, పదో తరగతి త్రికోణమితే అది. కాకపోతే దాని పొరపాటు ఎంతో తెలిసి వాడాలి. ఉదాహరణకు మాస్ట్ నుంచి 11 మీటర్ల దూరంలో నిలబడ్డారు, కన్ను ఎత్తు మీటరున్నర, కొన 36 డిగ్రీల్లో కనిపించింది. టాన్ 36 అంటే 0.7265, పదకొండుతో గుణిస్తే 7.99, మీటరున్నర కలిపితే 9.49. అదే ఫోన్ ఒక్క డిగ్రీ ఎక్కువ చూపి 37 అంటే 9.79 వస్తుంది. ఒక్క డిగ్రీకి 30 సెంటీమీటర్లు! చేత్తో పట్టుకున్న ఫోన్ ఒక డిగ్రీ అటూ ఇటూ కావడం మామూలే. 45 డిగ్రీలు కనిపించేదాకా వెనక్కి జరిగితే దూరమే ఎత్తు అవుతుంది, దానికి కన్ను ఎత్తు కలపడమే, లెక్క సులభం, పొరపాటు కూడా అక్కడే అన్నిటికంటే తక్కువ. అయినా పావు మీటరు పైనే ఉంటుంది. దూరం కొలిచేటప్పుడు మాస్ట్ కాలి దాకా కొలవాలి, బోటు ముక్కు దాకా కాదు. మా పిల్లలు జెండా కర్ర ప్రాజెక్టులో గద్దె దాకా కొలిచి ఆపేస్తుంటారు.

నీడతో కూడా చేయవచ్చు. మీటరు కర్ర నిలువుగా పెట్టి దాని నీడ, మాస్ట్ నీడ ఒకే సమయంలో కొలవాలి. నేల చదునుగా ఉండాలి, ట్రైలర్ ఎత్తు తీసేయాలి. మాస్ట్ కొన నీడ అంచు మసకగా ఉంటుంది, అదొక తలనొప్పి.

పాలమూరు_పోరడు:
టీచరమ్మా, నా సెల్ టవర్ పరువు తీశారు. మరి డ్రోన్ ఎగరేసి కొన దగ్గర ఆపి ఎత్తు చూస్తే?

టేపు_చైన్:
మామూలు డ్రోన్ ఎత్తు గాలి పీడనం మీద చూపిస్తుంది, ఎగిరిన కాసేపటికే అటూ ఇటూ జరుగుతుంది. ఫోన్ జీపీఎస్ ఎత్తు గురించైతే మాట్లాడనే వద్దు. ఎనిమిది పది మీటర్ల వస్తువుకు టేపు ఉండగా ఇవన్నీ ఎందుకు తమ్మీ.

సాగర్_తెరచాప:
నీళ్లలో దింపి, తీగలకు దూరంగా మాస్ట్ నిలబెట్టాక ఇంకోసారి సరిచూసుకునే పద్ధతి చెప్తాను, నేను అన్నిటికంటే నమ్మేది ఇదే. మెయిన్ తెరచాప ఎక్కించే తాడు ఉంటుంది కదా, దాని కొనకు ఫైబర్ టేపు సున్నా చివర ముడేసి, ముడి జారకుండా మీద అంటుకునే టేపు చుట్టండి. స్టీలు టేపు వద్దు. ముడితో పాటు ఒక సన్న దారం కూడా కట్టి కిందకు వదలండి, ఎందుకంటే టేపు పైన ఊడిందంటే తాడు కొన కప్పీ దగ్గరే ఉండిపోతుంది, దాన్ని దించడానికి మాస్ట్ మొత్తం పడుకోబెట్టాలి. మెల్లగా పైకి లాగి, ముడి కప్పీకి తగిలీ తగలకుండా ఆపండి. ఒకరు డెక్కు అంచున వంగి నీళ్ల మట్టం దగ్గర అంకె చదవాలి. తెల్లవారుజామున చేయండి, గాలి ఉంటే టేపు విల్లులా వంగి ఎక్కువ చూపిస్తుంది. దానికి కప్పీ నుంచి మాస్ట్ కొన దాకా ఉన్న ముక్క, ఆ పైన సామాన్లు కలపాలి. ఈ రెండు ముక్కలు మాత్రం పడుకోబెట్టినప్పుడే కొలిచి రాసిపెట్టుకోండి.

బోటు ఖాళీగా ఉన్నప్పుడే చదవండి. నలుగురు ఎక్కి, నీళ్ల డబ్బాలు, ఇంజన్ పెట్టాక బోటు కిందకు దిగుతుంది, ఈ సైజు బోటు కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. ఖాళీ బోటుదే ఎక్కువ ఎత్తు, మీకు కావాల్సింది ఆ ఎక్కువ ఎత్తే.

పుట్టి_పుత్రుడు:
మీరు మాస్ట్ ఒక్కటే కొలుస్తున్నరు, నీళ్లను ఎవరూ కొలుస్తలేరు. మాది నేరెడుగొమ్ము దిక్కు, మా నాయన కాలం నుంచి పుట్టి మీద చేపలు పడతం. సాగర్ నిండితే 590 అడుగులు, దించుకుంటూ పోతే 510 దాకా దిగుతది. ఎనభై అడుగుల తేడా అన్నా! ఎండకాలంల తలెత్తి చూస్తే తీగ ఆకాశంల ఉన్నట్టు ఉంటది. వానలు పడి పైనుంచి శ్రీశైలం గేట్లు ఎత్తి సాగర్ నిండినంక అదే తీగ కింద పుట్టిల నిలబడాలంటే భయమైతది. మీరు ఎండకాలంల వచ్చి, ఓ ఇంత ఎత్తుంది అనుకొని పోతే, దసరాకు అదే దారిల పోలేరు. పైన శ్రీశైలం బ్యాక్‌వాటర్‌ల సోమశిల దిక్కు కూడా అంతే, అక్కడ సంగమేశ్వరం గుడి ఎండకాలంల తేలుతది, వానాకాలంల మునుగుతది, తెలిసిందే కదా.

డిండి_గాలి:
అన్నా, ఇది నా తలకు తట్టలేదు. అయితే తీగ ఎత్తు కూడా కొలవాలా?

టేపు_చైన్:
కొలవడం కాదు, దాన్ని నీటి మట్టం లెక్కలోకి మార్చాలి. సాగర్ లెవెల్ రోజూ పేపర్లో వస్తుంది, అడుగుల్లో, సముద్ర మట్టం నుంచి. ఉదాహరణకు ఈరోజు లెవెల్ 560, నీళ్ల నుంచి తీగ అతి తక్కువ ఎత్తు 60 అడుగులు అనుకుందాం. అంటే తీగ 620 దగ్గర ఉన్నట్టు. సాగర్ 590కి నిండితే మిగిలేది 30 అడుగులే. ఈరోజు చూస్తే మీ మాస్ట్‌కు రెండింతల జాగా, నిండిన రోజు మాస్ట్ తగిలేంత. తీగ ఎత్తుకు మాత్రం ఒడ్డు మీదనుంచి కోణం పద్ధతే, టీచరమ్మ చెప్పినట్టు. టోటల్ స్టేషన్ (కోణం, దూరం కొలిచే సర్వే యంత్రం) ఉన్నవాళ్లతో కొలిపిస్తే మేలు. చేతిలో పట్టుకునే లేజర్ మీటరు సన్న తీగను పట్టదు, వెనకున్న గుట్టను కొలిచి చూపిస్తుంది. గాలం కర్రతోనో దారానికి రాయి కట్టో చూద్దామని మాత్రం ఎవరూ పోకండి.

లైన్‌మన్_రిటైర్డ్:
తీగ కూడా ఒకచోట ఉండదండీ. ఎండకు, లోడుకు వేడెక్కి సాగుతుంది, మే నెల మధ్యాహ్నం పొలం మోటార్లన్నీ నడుస్తున్నప్పుడు చూస్తే పొద్దున కంటే కిందకు దిగి ఉంటుంది. రెండు టవర్ల మధ్య ఎక్కువ దూరం ఉంటే ఆ తేడా కంటికే తెలుస్తుంది. పొద్దున కొలిచి దాన్నే పట్టుకోవద్దు.

ఇంకొకటి, హైటెన్షన్ తీగను తాకాల్సిన పని లేదు, దగ్గరికి పోతే చాలు, కరెంటు గాలిలోనే దూకుతుంది. ఎంత దూరం అంటే వోల్టేజీని బట్టి. ఆ వోల్టేజీ టవర్ మీద డేంజర్ బోర్డులో రాసి ఉంటుంది చూడండి. అమెరికాలో క్రేన్లు నడిపేవాళ్లకు పెట్టిన రూలు 50 కేవీ దాకా 10 అడుగులు, 200 దాకా 15, 350 దాకా 20 అడుగులు. అది గట్టి నేల మీద నిలబడ్డ క్రేనుకు. మీ బోటు అలకు ఎగురుతుంది, మాస్ట్ అటూ ఇటూ ఊగుతుంది, కాబట్టి దానికి ఇంకా కలుపుకోవాలి. లైన్ ఎవరిదో టవర్ నంబరు రాసుకొని వెళ్లి సబ్‌స్టేషన్‌లో అడగండి, డ్రాయింగులో నీటి మట్టం నుంచి ఎంత వదిలారో ఉంటుంది. చేపల పుట్టీలు తిరిగే చోట మీ మాస్ట్ వస్తుందని ఆ రోజు డిజైన్ చేసినవాళ్లు అనుకొని ఉండరు.

పాలమూరు_పోరడు:
వీడియోలు చూసిన, అమెరికాల బ్రిడ్జి కింద పోవడానికి పడవను ఒక పక్కకు ఒరగేసి మాస్ట్ దించి పోతున్నరు. అట్ల చేస్తే?

మ్యాథ్స్_టీచరమ్మ:
అక్కడ తూర్పు తీరం కాలువ మీద పక్కా వంతెనలు చాలావరకు 65 అడుగుల ఎత్తులో ఉంటాయి, అంతకంటే కొంచెం పొడుగు మాస్ట్ ఉన్నవాళ్లు నీళ్ల సంచులు ఒక పక్కకు వేలాడదీసి ఒరిగిస్తారు. లెక్క చూస్తే 20 డిగ్రీలు ఒరిగితే ఎత్తు 0.94 వంతు అవుతుంది. తొమ్మిదిన్నర మీటర్లది 8.93 అవుతుంది, అంటే అర మీటరు పైచిలుకు కోసం బోటునంతా ఒరగేయాలి.

సాగర్_తెరచాప:
వంతెనకు తగిలితే యాంటెన్నా విరుగుతుంది, తీగకు తగిలితే ఏమవుతుందో పెద్దాయన పైన చెప్పారు. తీగ కింద ఒరగేసి పోవడం అనే మాటే వద్దు. ఇంకా గట్టిగా చెప్తాను, మాస్ట్ నిలబెట్టి లైన్ దాటాల్సిన అవసరం ఉంటే ఆ రూటే మార్చుకోండి. లేదంటే లైన్‌కు బాగా ఇవతలే మాస్ట్ దించేసి, ఇంజన్ మీద దాటి, అవతల దూరం పోయాక మళ్లీ ఎత్తుకోండి. ఈ సైజు బోట్లలో మాస్ట్ కాలి దగ్గర బందు ఉంటుంది, ఇద్దరు మనుషులు పది పదిహేను నిమిషాల్లో దించుతారు.

పుట్టి_పుత్రుడు:
తక్కువ నీళ్లప్పుడు ఇంకో బాధ. పాత బండలు, మునిగిన చెట్ల మొద్దులు, ఊళ్ల గోడలు పైకొస్తయి. మీ కింద ఉన్న కీల్ ఎంత లోతు?

డిండి_గాలి:
పూర్తిగా దింపితే నాలుగున్నర అడుగులు, లేపితే అడుగున్నర. అయితే నిండినప్పుడు పైన తీగ, ఖాళీ అయినప్పుడు కింద బండ అన్నమాట.

పుట్టి_పుత్రుడు:
గంతే. మాతో ఒకసారి పుట్టిల రండి, ఎక్కడ ఏముందో చూపిస్త. మేము లోతు బారల్లో చెప్తం, మీరు మీటర్లల్ల రాసుకోండి. ఆ దిక్కు అడవి కూడా ఉంది, అమ్రాబాద్ టైగర్ రిజర్వు, ఫారెస్టోళ్లను అడగకుండ ఒడ్డుకు కట్టకండి.

డిండి_గాలి:
ఆదివారం కూర్చొని కొలిచాం, వాటర్ లెవెల్ పైపు మా వీధి మేస్త్రీ దగ్గర తెచ్చాం. మాస్ట్ గొట్టం 7.90 మీటర్లు, అంటే దాదాపు 26 అడుగులు, ఏజెంటు చెప్పింది ఇదే. నీటి గీత నుంచి మాస్ట్ కాలు 1.15. రెండూ కలిపితే 9.05, అంటే 29.7 అడుగులు, అమ్మినాయన మాట. పైన బాణం, యాంటెన్నా కలిపి 0.45. మొత్తం 9.50 మీటర్లు, 31 అడుగుల పైన. ట్రైలర్ మీద ఉంటే నీటి గీతే నేలకు 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, కాబట్టి ఒడ్డు మీద నిలబెడితే పదిన్నర మీటర్ల దగ్గర. సార్ చెప్పిన 8 మీటర్ల స్తంభాలు గుర్తొచ్చి చెమట పట్టింది.

టేపు_చైన్:
బాగా కొలిచారు. 9.50 అని రాయకండి, 10 అని రాసి క్యాబిన్ లోపల కళ్ల ముందు అంటించండి. దాని పక్కనే 10.5, ట్రైలర్ మీద అని ఇంకోటి. బోటు మీ బావమరిది నడిపినా, ఇంకెవరు నడిపినా అంకె అక్కడే ఉంటుంది.

లైన్‌మన్_రిటైర్డ్:
ట్రైలర్ ముందు కూడా ఒకటి అంటించండి, కారు నడిపేవాడు చూసేది దాన్నే. రేవు దగ్గర పైన ఏమీ లేని చోటు ఎంచుకొని, బోటు నీళ్లలో పడ్డాకే మాస్ట్ ఎత్తండి, బయటకు లాగే ముందే దించండి. మాస్ట్ పైన ఉండగా ట్రైలర్ ఒక్క అడుగు కూడా కదలకూడదు.

డిండి_గాలి:
అట్లనే సార్. లైన్ అవతలికి పోయే ఆలోచన ప్రస్తుతానికి పక్కనపెట్టాం, ఇవతల తిరగడానికే బోలెడు నీళ్లున్నాయి. టవర్ నంబరు ఫొటో తీశా, బోర్డు మీద 132 కేవీ అని ఉంది. సబ్‌స్టేషన్‌కు ఈ వారం పోతా. అనుమతుల సంగతి ఎవరికైనా తెలుసా? ఇరిగేషన్‌లో అడగాలా, టూరిజంలోనా?

సాగర్_తెరచాప:
రెండు చోట్లా అడగండి, రాతపూర్వకంగా. ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం 2021లో వచ్చింది, ఇంజన్ ఉన్న పడవలకు రిజిస్ట్రేషన్ అదీ అందులో ఉంటుంది, మీకు చిన్న ఇంజన్ ఉంది కాబట్టి మీ బోటు దానికిందికి వస్తుందా అని కూడా అదే కాగితంలో అడగండి. లైఫ్ జాకెట్లు కొన్నారా? మాస్ట్ దించే తాడుకు కప్పీ ఒకటి అరిగినట్టు మీ ఫొటోలో కనిపిస్తోంది, దింపకముందే మార్చేయండి.